ఓటరు త్రాసులో అధ్యక్షాభ్యర్థి శీలము

చిక్కు ఎచ్చట పడినది

1998 డిసెంబరు నెలలో అమెరికా ప్రతినిధుల సభ, అధ్యక్షుడైన బిల్ క్లింటన్ ప్రమాణము చేసియు అసత్యమాడెననియు, న్యాయవిచారణకు అడ్డుపడెననియు అభియోగములు మోపిన తరుణముననే, గ్యాలప్ సంస్థవారు ప్రజాభిప్రాయమును సేకరింపగా, ఆయన పనితీరు మెచ్చుకొన్నవారు నూటికి 73 మంది తేలిరి. ఆయన సత్యసంధుడా యని అడిగినపుడు మాత్రము అధికసంఖ్యాకులు కాదనియే బదులు చెప్పుచుండిరి. 2016 నవంబరులో ఓటు వేసి వెలుపలికి వచ్చినవారిని ప్రశ్నింపగా, హిల్లరీ క్లింటన్ నిజాయితీ గలదని నూటికి 36 మందియు, డొనాల్డ్ ట్రంప్ నిజాయితీ గలవాడని 33 మందియు మాత్రమే చెప్పిరి. ఐనను ఆ యిద్దరిలో ఒకరు శ్వేతసౌధమున ప్రవేశింపక తప్పలేదు. ఇట్టి లెక్కలను చూపి, ఓటర్లకు శీలముతో నిమిత్తమే లేదని కొందరును, శీలవంతులను పక్షములు నిలుపనప్పుడు ఓటర్లు చేయగలిగినది లేదని మరికొందరును తీర్పు చెప్పుచు వచ్చిరి.

ఈ రెండు తీర్పులును తొందరపాటువే. వివాదము ఇంతగా ముడిపడుటకు ప్రధాన కారణమేమనగా, శీలమను ఒక్క మాట క్రింద నాలుగు వేర్వేరు విషయములు దాగియున్నవి: గృహజీవితమున నడవడి యొకటి, ధనము, స్వలాభము ఎదురైనపుడు చేతుల పరిశుభ్రత రెండవది, ప్రజలతో ఆడు మాటల సత్యము మూడవది, పదవీప్రమాణమునకును, చట్టమునకును, తనకు ప్రతికూలమైన తీర్పునకును కట్టుబడియుండుట నాల్గవది. ఒకరు మొదటి యర్థమున పలికిన మాటకు మరొకరు మూడవ యర్థమున ప్రత్యుత్తరమిచ్చుటచే, రెండు వందల యేండ్ల చర్చలో వాదములు ఒకదాని నొకటి తాకకయే సాగిపోయినవి. కావున ముందు చరిత్రను, పిదప పండితుల వాదములను, తుదకు నేటికిని తేలక మిగిలినవానిని ఈ నాలుగర్థములను విడదీసి పరిశీలించుట ఉచితము.

రాజ్యాంగ నిర్మాతల యేర్పాటు

అధ్యక్షుడు కాగోరువానికి రాజ్యాంగము విధించిన అర్హతలు మూడే: జన్మతః పౌరుడై యుండవలెను, 35 యేండ్లు నిండవలెను, 14 యేండ్లు దేశమున నివసించి యుండవలెను. సౌశీల్యమును గూర్చి అందొక్క మాటయు లేదు. ఇది మరపు వలన జరిగినది కాదు. సామాన్య జనుల చేతికి నేరుగా ఎన్నికను విడువక, ఆయా రాష్ట్రములు ఏరిన కొలది మందికి అప్పగించినచో, ఒక రాష్ట్రమున జనరంజక విద్యలతో నెగ్గుకొనివచ్చు కుటిలుడు దేశమంతటిని మోసగింపలేడనియు, సమర్థుడును సచ్చరిత్రుడును అగువాడే ఆ పదవికి చేరుననియు అలెగ్జాండర్ హామిల్టన్ 1788లో వాదించెను. జేమ్స్ మాడిసన్ మార్గము వేరు. మనుజులు దేవతలు కారని మొదటనే ఒప్పుకొని, ఒకని అధికారదాహమును మరొకని అధికారదాహముతో అడ్డుకట్ట వేయు నిర్మాణమును ఆయన నమ్ముకొనెను. మంచివానిని ఎన్నుకొనుట ముఖ్యమా, చెడ్డవాడు వచ్చినను చెడుగు చేయలేని కట్టుబాటు ముఖ్యమా అను ప్రశ్న ఆనాడే పుట్టినది.

హామిల్టన్ ఆశ త్వరలోనే అడుగంటెను. పక్షములు ఏర్పడినవి, రాష్ట్రములు ఏరిన ఆ ఎన్నికవారు పక్షముల ఆజ్ఞాబద్ధులైరి, 1800 నాటికే జెఫర్సన్ నాస్తికుడనియు, ఆడమ్స్ రాజరికమును కోరువాడనియు పత్రికలు దుమ్మెత్తిపోయసాగెను. హామిల్టన్ సైతము 1797లో, ప్రభుత్వధనమును దుర్వినియోగము చేసెనను నిందను తప్పించుకొనుటకు, తాను చేసినది పరస్త్రీ సాంగత్యమే కాని ద్రవ్యాపహరణము కాదని స్వయముగా ఒక కరపత్రమును ప్రకటించి, మొదటి యర్థమున శీలమును బలియిచ్చి రెండవ యర్థమున శీలమును దక్కించుకొనజూచెను. జార్జి వాషింగ్టన్ బాల్యమున చెర్రీ చెట్టును నరికి తండ్రి యెదుట నిజమొప్పుకొనెనను కథ కూడ ఆయన మరణానంతరము మేసన్ వీమ్స్ అను జీవితచరిత్రకారుని కలమునుండి వెలువడినదే. దానికి ఆధారము లేదు. అధ్యక్షుని సత్యసంధతకు ప్రమాణముగా తరతరముల బాలురకు నేర్పబడిన కథయే కల్పితమగుట ఈ చర్చకు తగిన నాందీప్రస్తావన.

1884: రెండు మచ్చల పోటీ

ఓటర్లు ఈ యర్థములను విడివిడిగా తూచవలసివచ్చిన ఎన్నిక 1884 నాటిది. ఆ యేటి జూలైలో బఫెలో నగరపు ‘ఈవెనింగ్ టెలిగ్రాఫ్’ పత్రిక, డెమొక్రాటిక్ అభ్యర్థి గ్రోవర్ క్లీవ్‌లండ్ అవివాహితుడై యుండియు, పదియేండ్ల క్రిందట మారియా హాల్పిన్ అను వితంతువు వలన ఒక బిడ్డకు తండ్రియయ్యెనని వెల్లడించెను. ఏమి చేయుదుమని తంతి పంపిన మిత్రులకు, నిజమే చెప్పుడని ఆయన బదులిచ్చెను. రిపబ్లికన్ అభ్యర్థి జేమ్స్ బ్లెయిన్ గృహజీవితము నిష్కళంకమని పేరు. కాని ప్రతినిధుల సభాపతిగా నున్నపుడు రైలు కంపెనీల వలన లాభము పొందెనను అపవాదు ఆయనను వెన్నాడుచుండెను. ఆయన వ్రాసిన యుత్తరములు, చదివిన పిదప కాల్చివేయుమను కోరికతో ముగిసినదానితో సహా, ఎన్నికల వేళ పత్రికల కెక్కెను.

అప్పుడు మగ్‌వంపులని పేరువడిన సంస్కారవాదులైన రిపబ్లికన్లు తమ పక్షమును విడిచి క్లీవ్‌లండ్ కొమ్ము కాచిరి. ఇంట తప్పటడుగు వేసియు కొలువున చేయి చాపనివానిని కొలువునకే పంపుదము, ఇంట మెలకువగా నుండి కొలువున మెలకువ తప్పినవానిని ఇంటికే పంపుదము, అనునది వారి వాదపు సారాంశము. తుదకు న్యూయార్కు రాష్ట్రములో సుమారు 1,100 ఓట్ల తేడాతో క్లీవ్‌లండ్ గెలిచెను. ఆ రాష్ట్రముతో అధ్యక్ష పదవియు ఆయనదే యయ్యెను.

ఈ ఎన్నికను ‘ప్రజాశీలము వ్యక్తిగత శీలమును జయించిన’ ఉదాహరణముగా పలువురు చూపుదురు. అందుకు రెండు అభ్యంతరములున్నవి. పోలింగునకు కొలది దినముల ముందు బ్లెయిన్ సభలో ఒక మతాచార్యుడు కాథలికులను కించపరచుచు మాటాడుటచే న్యూయార్కులోని ఐరిష్ ఓటర్లు దూరమైరి. అంత స్వల్పమైన ఆధిక్యమునకు శీలపరీక్షయే కారణమనుటకు వీలులేదు. రెండవ అభ్యంతరము గంభీరమైనది. అక్టోబరులో మారియా హాల్పిన్, జరిగినది తన యిష్టమునకు విరుద్ధమని ప్రమాణపత్రము నిచ్చెను. అదియే నిజమైనచో, మగ్‌వంపులు ‘ఇంటి విషయము’ అని పక్కన పెట్టినది ఒక స్త్రీపై జరిగిన బలాత్కారమగును. గృహజీవితమునకును ప్రజాజీవితమునకును నడుమ గీత గీయుట సులభమనుకొన్నవారు, ఆ గీతను ఎవరు గీయుచున్నారో చూడలేదు.

నిక్సన్ నుండి కార్టర్ వరకు

దూరదర్శని వచ్చిన పిదప శీలము తెలియునది యను స్థితి నుండి కనబడునది యను స్థితికి మారెను. 1952 సెప్టెంబరు 23న, పద్దెనిమిది వేల డాలర్ల రహస్యనిధి విషయమున ఆక్షేపణకు గురియైన ఉపాధ్యక్షాభ్యర్థి రిచర్డ్ నిక్సన్, అరగంట సేపు తెరపై కూర్చుండి, తన యప్పులను, ఇంటి తాకట్టును, భార్య తొడుగు సామాన్యమైన కోటును, బిడ్డలకు కానుకగా వచ్చిన చెకర్స్ అను కుక్కపిల్లను ఏకరువు పెట్టెను. సుమారు ఆరుకోట్ల మంది చూచిరి. తంతులు వెల్లువగా వచ్చెను. ఆయన అభ్యర్థిత్వము నిలిచెను. ఆ నిధిని గూర్చిన ప్రశ్నకు సమాధానము దొరకెనో లేదో కాని, సమాధానము చెప్పిన మనిషి తీరు జనులకు నచ్చెను. ఇరువది రెండేండ్ల తరువాత, వాటర్‌గేట్ వ్యవహారమున తన కార్యాలయపు టేపులే తనకు సాక్ష్యమై నిలువగా, 1974 ఆగస్టు 9న ఆయనయే రాజీనామా చేసెను. చూపుల వలన శీలమును గ్రహింపవచ్చునను నమ్మకమునకు ఇంతకంటె పెద్ద దెబ్బ లేదు.

నెల తిరుగక మునుపే, సెప్టెంబరు 8న, ఆయన స్థానమున అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్ నిక్సన్‌కు క్షమాభిక్ష ప్రసాదించెను. ఇది లోపాయికారీ బేరమని జనులు శంకించిరి. 1976లో జిమ్మీ కార్టర్, మీతో ఎన్నడును అబద్ధమాడనని వాగ్దానము చేసి, 297 ఎన్నికవారి ఓట్లతో ఫోర్డ్‌ను ఓడించెను. నాలుగేండ్ల పిదప, వ్యక్తిగా సజ్జనుడని పేరు చెడకుండగనే, ధరల పెరుగుదలతోను ఇరాన్ బందీల సమస్యతోను సతమతమైన కార్టర్, 489 ఓట్లు గెలిచిన ప్రత్యర్థి రీగన్ ఎదుట 49 ఓట్లతో మిగిలెను. ఇక ఫోర్డ్ క్షమాభిక్షకే 2001లో, ప్రజల మెప్పును త్యాగము చేసిన సాహసమని, కెనడీ స్మారక సంస్థ పురస్కారమిచ్చెను. ఒకే చర్యను 1976 నాటి ఓటరు కుటిలత యనుకొనగా, పాతికేండ్ల తరువాతి న్యాయనిర్ణేతలు శీలమనిరి.

హార్ట్ నుండి ట్రంప్ వరకు

1987 ఒక విచిత్రమైన సంవత్సరము. వివాహేతర సంబంధపు వార్తలతో గ్యారీ హార్ట్ మే నెలలోను, బ్రిటిష్ నాయకుని యుపన్యాసమును తనదిగా వల్లించెనను ఆక్షేపణతో జో బైడెన్ సెప్టెంబరులోను అధ్యక్ష పదవి పోటీనుండి తప్పుకొనిరి. ఆరేండ్లు గడువకముందే, హార్ట్‌పై వచ్చినవంటి ఆరోపణలనే ఎదుర్కొన్న క్లింటన్ అధ్యక్షుడయ్యెను. 2020లో బైడెన్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. ఓటర్ల కొలబద్ద సడలినదా, లేక 1987లో పత్రికలును పక్షములును ఓటరు కంటె ముందుగా తీర్పు చెప్పివేసినవా అనునది నేటికిని వాదోపవాదములకు తావిచ్చుచున్నది.

కొలబద్ద పక్షమును బట్టి వంగుననుటకు ప్రబలమైన సాక్ష్యమొకటి యున్నది. వ్యక్తిగత జీవితమున నీతి తప్పినవాడు ప్రజావిధులను నీతిగా నిర్వహింపగలడా యని పి.ఆర్.ఆర్.ఐ. అను పరిశోధన సంస్థ అడుగగా, 2011లో అగునన్న శ్వేతజాతి ఇవాంజెలికల్ క్రైస్తవులు నూటికి 30 మంది. ట్రంప్ అభ్యర్థియైన 2016లో వారి సంఖ్య 72కు పెరిగెను. దేశమంతటను చూచినచో ఆ మార్పు 44 నుండి 61కి మాత్రమే. ఐదేండ్లలో గ్రంథములు మారలేదు, ఉపదేశములు మారలేదు, అభ్యర్థి మారెను. క్లింటన్ నాడు వ్యక్తిగత జీవితమును వేరుగా చూడుడన్న డెమొక్రాట్లలో పలువురు తరువాతి కాలమున ఎదుటిపక్షపు వ్యక్తిగత దోషములను ముందుకు తెచ్చుటయు ఇట్టిదే. 2024 మే 30న వ్యాపార పత్రములను తారుమారు చేసిన 34 నేరములకు న్యూయార్కు జ్యూరీ ట్రంప్‌ను దోషిగా నిర్ణయింపగా, నవంబరులో ఆయన 312 ఎన్నికవారి ఓట్లతో గెలిచెను. ఆ తీర్పు రాజకీయ ప్రేరితమని ఒక వర్గమును, దానిని లెక్క చేయకుండుటయే విపత్తని మరొక వర్గమును నేటికిని నమ్ముచున్నవి.

నాలుగు వాదములు

పండితులు ఈ చరిత్రకు చెప్పిన భాష్యములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది శీలప్రాధాన్య వాదము. జేమ్స్ డేవిడ్ బార్బర్ 1972లో ప్రకటించిన గ్రంథమున, అధ్యక్షులను వారి చురుకుదనమును బట్టియు, ఆ పనియందు వారికి గల సంతోషమును బట్టియు నాలుగు తెగలుగా విభజించి, చురుకుదనముండియు సంతోషము లేనివారు మొండిపట్టుతో తమ పతనమును తామే కొనితెచ్చుకొందురని చెప్పెను. అందు నిక్సన్‌ను చేర్చెను. రెండేండ్లలో జరిగినది ఆ గ్రంథమునకు ఖ్యాతి తెచ్చెను. కాని మనిషిని నాలుగు గదులలో ఇముడ్చుట దుస్సాధ్యమనియు, జరిగినదాని వెలుగులో గదులను నింపుట సులభమనియు విమర్శకులు తప్పుపట్టిరి.

రెండవది పక్షాభిమాన వాదము. మిషిగన్ విశ్వవిద్యాలయ పండితులు నలుగురు 1960లో వెలువరించిన ‘ది అమెరికన్ ఓటర్’ అను గ్రంథము ప్రకారము, బాల్యమున అలవడిన పక్షాభిమానము ఒక రంగుటద్దము వంటిది. ఓటరు అభ్యర్థి శీలమును ఆ యద్దమునుండియే చూచును. 2011, 2016 లెక్కలు ఈ వాదమునకు బలము. ఐతే అద్దము పూర్తిగా అపారదర్శకమైనచో 1884 నాటి మగ్‌వంపులు ఉండరాదు. అంచున నిలిచిన కొలదిమందియే ఎన్నికను తేల్చు దేశమున వారి సంగతి చిన్నది కాదు.

మూడవది సంకేత వాదము. ఓటరుకు విధానములను తరచి చూచు తీరికలేదు, కనుక చిన్న గుర్తులనుండి పెద్ద విషయములను ఊహించుకొనుననియు, అది మూఢత్వము కాదు, పొదుపు బుద్ధియనియు శామ్యూల్ పాప్కిన్ 1991లో ప్రతిపాదించెను. ఆయన ఎత్తుకొన్న ఉదాహరణము రుచికరమైనది. 1976లో టెక్సస్ రాష్ట్రపు శాన్ అంటోనియో నగరమున ఫోర్డ్‌కు తమాలే అను మెక్సికన్ వంటకమును అందింపగా, దానికి చుట్టిన మొక్కజొన్న పొత్తు పొరను ఒలువకయే ఆయన కొరికెను. కోనసీమలో ఓట్లడుగ వచ్చినవాడు పనసాకుల బుట్టతో సహా పొట్టిక్కను కొరికినచో మనవారేమనుకొందురో, అక్కడి మెక్సికన్ సంతతివారును అదే యనుకొనిరి: ఇతనికి మా సంగతి తెలియదు. ఈ వాదము దగ్గరితనమును గ్రహించుటకు పనికివచ్చును. నిజాయితీని గ్రహించుటకు పనికివచ్చునా యన్నది సందేహము, ఏలయన నటుడు మొదట నేర్చునది గుర్తులను ప్రదర్శించుటయే.

నాల్గవది కార్యధర్మ వాదము. రాజనీతికి తన నమ్మకమును నిలుపుకొను ధర్మము కంటె ఫలితములకు బాధ్యత వహించు ధర్మము అవసరమని మాక్స్ వెబర్ 1919లోను, ప్రజల మేలుకై చేతులు మైల చేసికొనక తప్పని నాయకుడు ఆ మైలను గుర్తెరిగి బాధపడవలెనని మైకేల్ వాల్జర్ 1973లోను వ్రాసిరి. 1940 అక్టోబరులో బోస్టన్ సభలో, మీ బిడ్డలను పరదేశ యుద్ధములకు పంపనని రూజ్వెల్టు చెప్పిన మాట నిలువలేదు; ఐనను ఆయనను అబద్ధికుడని కొద్దిమందియే తలంతురు. 1964లో వియత్నాం విషయమున అట్టి మాటయే చెప్పిన జాన్సన్‌ను చరిత్ర క్షమింపలేదు. భారతము చదివిన మనకీ సమస్య క్రొత్తది కాదు: ద్రోణవధ నాటి అర్ధసత్యము పాండవులకు జయము తెచ్చెను, కాని నేలకు నాలుగు వ్రేళ్ల యెత్తున నడచుచుండిన ధర్మరాజు రథము నేలకు దిగెను. వాల్జర్ కోరినది ఆ దిగుటయే. రథము నేలపై నున్నను ఆకాశముననే యున్నదని చెప్పువానిని ఈ వాదము సమర్థింపదు.

ఇటీవల వీనికి ఒక అనుబంధము చేరెను. హాల్, కిమ్, జుకర్‌మన్ సివాన్ అను సామాజిక శాస్త్రజ్ఞులు 2018లో చూపినదేమనగా, పాలకవర్గము తమను వంచించినదని నమ్ము జనులకు, బాహాటముగా అబద్ధమాడు అభ్యర్థియే ఆ వర్గపు మర్యాదలను ధిక్కరించు అసలైన మనిషిగా తోచును. 2016 ఎన్నికల నాటి ప్రయోగములలో, తమ అభ్యర్థి చెప్పినది తప్పని ఒప్పుకొన్న ట్రంప్ అనుయాయులు పెక్కుమంది తమ యభిమానమును మాత్రము మార్చుకొనలేదు. వారికి మాట నిజము వేరు, మనిషి నిజము వేరు.

పోల్చి చూడగా

- శీలప్రాధాన్య వాదము నాల్గవ యర్థమునకు, అనగా పదవిలో ప్రవర్తనకు, పెద్దపీట వేయును. ముందుగా కనిపెట్టు సాధనమును మాత్రము ఇయ్యజాలదు.
- పక్షాభిమాన వాదము అధికసంఖ్యాకుల నడవడిని చక్కగా వివరించును. అంచున నిలిచినవారి విషయమున మౌనము వహించును.
- సంకేత వాదము ఓటరును మూర్ఖుడను నిందనుండి కాపాడును. కపటము సంకేతములను అనుకరించునప్పుడు చేతులెత్తివేయును.
- కార్యధర్మ వాదము మూడవ యర్థమున కొంత సడలింపు నిచ్చును. ఆ సడలింపునకు హద్దు ఎచ్చటనో ఫలితము తెలిసిన పిదప గాని చెప్పదు.

నాలుగింటికిని సమ్మతమైన విషయమొకటి కలదు: ఓటరు శీలమును విడిగా తూచడు, ఎదుటి అభ్యర్థితో పోల్చి తూచును. అట్లే 1998లో క్లింటన్ పనితీరును మెచ్చుకొన్నవారు సత్యమును త్రోసిపుచ్చలేదు. రెండు ప్రశ్నలకు రెండు సమాధానములిచ్చిరి.

తేలక మిగిలినవి

గృహజీవితపు దోషము ప్రజాజీవితపు దోషమునకు సూచకమా యనునది మొదటి ప్రశ్న. అధ్యక్షుడు హార్డింగ్ కాలపు టీపాట్ డోమ్ కుంభకోణమును, ఆయన వివాహేతర సంబంధములను జతపరచి అవునందురు. గృహమున నిష్కళంకుడైన నిక్సన్‌ను, అట్లు కాని కెనడీని చూపి కాదందురు. అధ్యక్షులు ఐదు పదుల లోపే. ఇంత చిన్న రాశినుండి నియమము పుట్టదు.

ఓటరుకు తెలియజేయవలసినది ఎంత యనునది రెండవ ప్రశ్న. 1978 నాటి ప్రభుత్వ నైతికతా చట్టము ఆస్తుల వివరములను కోరును. ఆదాయపు పన్ను పత్రములను చూపుట ఆచారమే గాని చట్టము కాదు, 2016లో ట్రంప్ ఆ యాచారమును పాటింపలేదు. ఆరోగ్యమును గూర్చి చట్టమే లేదు; 1960లో కెనడీ తన అడిసన్ వ్యాధిని దాచెను. మనదేశమున సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల ఫలితముగా అభ్యర్థి ప్రతివాడును క్రిమినల్ కేసులు, ఆస్తులు, చదువులను అఫిడవిట్టులో చూపవలసియున్నది. ఐనను కేసులున్నవారు గెలుచుట ఆగలేదు. సమాచారము అవసరమే కాని, అది తనంతట తాను తీర్పుగా మారదని రెండు దేశముల అనుభవమును చెప్పుచున్నది.

మూడవ ప్రశ్న అన్నిటికంటె జటిలము. మొదటి యర్థమునకు పత్రికలు, రెండవదానికి ఆస్తి వివరములు, మూడవదానికి మాటల నిజానిజములను పరీక్షించు సంస్థలు ఉన్నవి. నాల్గవదానికి సాధనమేది? అధ్యక్షుడు చేయు పదవీప్రమాణమున 35 పదములున్నవి. శీలమును స్పృశించునది, విధిని విశ్వాసపాత్రముగా నిర్వర్తింతునను ఒక్క క్రియావిశేషణమే. ఆ విశ్వాసమునకు పరీక్ష నియమము తనకు అడ్డుపడిన నాడు మాత్రమే జరుగును. 2020 ఎన్నిక ఫలితమును ట్రంప్ అంగీకరింపకుండుటయు, 2021 జనవరి 6న ఆయన మద్దతుదారులు కాపిటల్ భవనముపై బడుటయు అట్టి పరీక్షయే యని ఆయన ప్రత్యర్థులు చెప్పిరి. 2024 ఓటర్లలో సుమారు సగము మంది దానిని వేరుగా చూచిరి, లేదా ధరలకును, సరిహద్దుకును దానికంటె ఎక్కువ బరువిచ్చిరి.

ఇట్టి పరీక్ష మరొకటి 2001 జనవరి 6న జరిగెను. దేశమంతటను ఐదు లక్షలకు పైగా అధికముగా ఓట్లు వచ్చియు సుప్రీంకోర్టు తీర్పుతో ఓడిన అల్ గోర్, ఉపాధ్యక్షుని హోదాలో ఉభయసభల సమావేశమునకు అధ్యక్షత వహించి, ఫ్లోరిడా ఓట్లను ఆక్షేపింపవచ్చిన తన పక్షపు సభ్యులను, సెనేటరు సంతకము లేనందున మీ యభ్యంతరము చెల్లదని ఒకరి తరువాత ఒకరిని కూర్చుండబెట్టి, తన ఓటమిని తానే ప్రకటించెను. కొన్ని నెలల ముందు ప్రచార కాలమున ఆయనపై మోపబడిన ప్రధానమైన నింద, తన గొప్పలను పెంచి చెప్పుకొనుననియు, నిజాయితీ తక్కువ యనియు. ఆ నింద ఓటర్ల కళ్లయెదుట దినదినమును నిలిచినది. ఈ సమావేశము మాత్రము ఓట్లు లెక్కించిన తరువాత గాని జరుగలేదు, ఆయన మరల ఎన్నికలలో నిలువలేదు.